బంద్ లేని రోజు

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్ళుగా కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. చిన్నదే. ఫోన్లో రెండు నిమిషాల్లో చెప్పేసినది. వంట చేసుకుంటున్నప్పుడు గుర్తురాదు, నలుగురిలో కూర్చుని నవ్వుతున్నప్పుడు గుర్తురాదు. బస్సులో పక్క సీట్లో ఎవరైనా బత్తాయి ఒలిస్తే మాత్రం ఆ వాసనకి లోపల కలుక్కుమంటుంది. మా ఆయనకి చెప్పలేదు. మా అమ్మాయికి చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు కాబట్టి మీకు చెప్పడానికి ధైర్యం వచ్చింది. నా పేరు మాత్రం అడక్కండి.

ఎల్బీనగర్‌లో మెయిన్ రోడ్డుకి కాస్త లోపలగా ఒక కిరాయి ఇంట్లో మా హోమ్ ఉండేది. బుద్ధిమాంద్యం ఉన్న ఆడవాళ్ళని ఇళ్ళవాళ్ళు అక్కడ ఉంచేవాళ్ళు. వయసుకి పెద్దవాళ్ళే, మనసు మాత్రం చిన్నపిల్లల దగ్గరే ఆగిపోయింది అని అప్పట్లో మేం అనేవాళ్ళం. ఇప్పుడు ఆ మాట అనడానికి నాకు నోరు రావడం లేదు, ఎందుకో మీకే తెలుస్తుంది. మాది గుంటూరు వైపు. పెళ్ళయ్యాక వనస్థలిపురంలో స్థిరపడ్డాం. ఇలాంటి పిల్లలకి చదువు చెప్పే శిక్షణలో డిప్లొమా చేసి, ఆ హోమ్‌లో వార్డెన్‌గా చేరాను. అందరూ మేడమ్ అనేవాళ్ళు. ఆ పిలుపంటే నాకు ఇష్టంగానే ఉండేది, అబద్ధమెందుకు.

అక్కడ యాదమ్మ ఉండేది. నకిరేకల్ దగ్గర పల్లె వాళ్ళది. ముప్పై దాటిన మనిషి, మాటలు బహు తక్కువ. ఆరేసిన తువ్వాళ్ళన్నీ తెచ్చి మడతపెట్టడం ఆమె పని. ఇంకెవరైనా మడతపెడితే వాటిని విప్పి, అంచుకి అంచు కలిపి మళ్ళీ మడతపెడితే గాని ఊరుకునేది కాదు. ఆమె తల్లి నర్సమ్మ నెలకోసారి ఆదివారం నాడు వచ్చేది. పొద్దున్నే బస్సెక్కి, రింగు రోడ్డు దగ్గర దిగి, సంచీ నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చేది. సంచీ నిండా బత్తాయిలు. కూలికి పోయే తోటలో అడిగి తెచ్చేదట. గేటు పక్కన బెంచీ మీద కూర్చుని ఒక్కొక్కటే ఒలిచి, తన బిడ్డకే కాదు, హోమ్‌లో ఉన్న ప్రతి ఒక్కరి చేతిలో రెండేసి తొనలు పెట్టేది. నాకూ పెట్టేది. ఆ రోజు యాదమ్మ తెల్లారి లేవగానే స్నానం చేసి ఆ బెంచీ మీదే తల్లి కోసం కూర్చునేది.

తెలంగాణ ఉద్యమం ముదిరాక మా ఆదివారాలు చెడిపోయాయి. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో. తల్లులు బయలుదేరేవాళ్ళు కారు, బయలుదేరినా చేరేవాళ్ళు కారు. "రేపొస్తదే మీ అమ్మ" అనేవాళ్ళు ఆయాలు. వీళ్ళకి రేపు అంటే పడుకుని లేస్తే వచ్చేదే కదా. లేచేవాళ్ళు. అమ్మ ఉండేది కాదు. యాదమ్మ గేటుకేసి తల బాదుకునేది. నుదురు బొప్పి కట్టేది. పట్టుకోబోతే నా చెయ్యి కొరికింది ఒకసారి.

అప్పుడు నేనొక ఉపాయం చేశాను. మా చదువులో మొదటి పాఠమే అది: పెద్ద కారణాలు చెప్పొద్దు, ఒకే మాట, ఒకే సైగ, అందరూ ఎప్పుడూ అదే. రెండు చేతులూ గుండెల ముందు అడ్డంగా పెట్టి "బంద్" అనాలి. అందరినీ మెయిన్ రోడ్డు దాకా నడిపించి తీసుకెళ్ళాను. మూసిన షట్టర్లు, ఖాళీ రోడ్డు చూపించాను. చూడండి, బస్సు లేదు, బంద్, అమ్మ రాలేదు. బంద్ అయిపోయిన రోజు మళ్ళీ తీసుకెళ్ళి, వచ్చే బస్సులు చూపించి చేతులు బార్లా తెరిచాను. బంద్ లేదు. అమ్మ వస్తుంది. కొన్ని వారాల్లో అందరికీ పట్టుబడింది. యాదమ్మ అయితే తల బాదుకోవడం పూర్తిగా మానేసింది. ఆ సైగ చూడగానే రోడ్డు వైపు ఒకసారి చూసి, తల ఊపి, లోపలికి పోయి తువ్వాళ్ళు పట్టుకునేది. అమ్మకి ఇష్టం లేక కాదు, దారి లేక రాలేదని ఆమెకి అర్థమైంది. నాకెంత గర్వంగా ఉండేదో! ఆయాలకి క్లాసు కూడా పీకాను. బంద్ లేని రోజు మాత్రం చచ్చినా బంద్ అనకండి, ఒక్కసారి అబద్ధం చెప్పారంటే ఇంక నమ్మరు, అని. ఆ మాట చెప్పింది నేనే.

తర్వాత పెద్ద సమ్మె వచ్చింది. ఆఫీసులు లేవు, బస్సులు లేవు, ఎప్పుడు తీరుతుందో తెలీదు. ఆయాలు సగం మంది రాలేకపోయారు. నేనూ, వంటమనిషీ హోమ్‌లోనే ఉండిపోయాం. స్నానాలు చేయించడం, గుడ్డలు ఉతకడం, మూర్ఛ వచ్చినవాళ్ళని పట్టుకోవడం, అన్నీ మేమే. విసిగిపోయాను. మా ఇంట్లోవాళ్ళు ఫోన్ చేసి "వీళ్ళ గొడవ ఎప్పటికి తెమిలేనో" అంటే నేనూ ఊఁ కొట్టేదాన్ని. హోమ్‌లో మాత్రం ఆ మాట పైకి అనేదాన్ని కాదు. అక్కడ అందరూ ఉద్యమం వాళ్ళే. అయినా నన్నెవరూ పరాయిగా చూడలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం.

దీపావళికి ముందు బస్సులు మళ్ళీ తిరగడం మొదలుపెట్టాయి. ఆ రోజే నా బదులు ఇంకో వార్డెన్ వస్తానంది. నేను బయటపడొచ్చు! దిల్‌సుఖ్‌నగర్‌లో టైలరు దగ్గర నా జాకెట్టు ఉంది. మా అన్నయ్య గుంటూరులో ఇల్లు కట్టుకున్నాడు, గృహప్రవేశానికని పట్టుచీర కొనుక్కుని, జాకెట్టు కుట్టడానికి ఇస్తే సమ్మెలో దుకాణం మూతపడింది. ఆ పొద్దున తల దువ్వుకుంటూ, జాకెట్టు తెచ్చుకుని, అటే కాస్త బజారు చూసి, ఇంటికెళ్ళి హాయిగా పడుకోవాలని అనుకుంటున్నాను. ఫోన్ మోగింది. సైదులు, యాదమ్మ తమ్ముడు.

"మేడమ్, అమ్మ పోయింది" అన్నాడు. "రాత్రి గుండెల నొస్తుందన్నది. తెల్లారి లేపితే లేవలె."

అయ్యో అన్నాను. నిజంగానే అన్నాను. నర్సమ్మ చేతిలోంచి తీసుకున్న తొనలు గుర్తొచ్చాయి.

"అక్కను జర తీస్కరా మేడమ్. నేనే రావాల్నంటే ఈడ అన్నీ నేనే సూసుకోవాలె. బస్సులు మళ్ల నడుస్తున్నయంట గదా? పొద్దుగూకే దాకా ఆగుతం. అక్క కడసారి మొఖం సూడకుంట అమ్మనెట్ల పంపుదుం?"

ఒక్క క్షణం పట్టింది. ఒక్కటంటే ఒక్క క్షణం. ఆ క్షణంలో నాకు కనిపించింది నర్సమ్మ కాదు. యాదమ్మని బస్సెక్కించడం, ఆమె అరవడం, జనం చూడడం, ఆ ఊరు, ఆ ఏడుపులు, మళ్ళీ ఆమెని వెనక్కి తీసుకురావడం, తర్వాత వారాల తరబడి గేటుకేసి తల బాదుకోవడం. నా జాకెట్టు. నా నిద్ర.

"బస్సులెక్కడ బాబూ" అన్నాను. "పొద్దున నాలుగు తిరిగాయి. మళ్ళీ రింగు రోడ్డు దగ్గర ఆపేస్తున్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో రాళ్ళు వేస్తున్నారట. ఇవాళ మళ్ళీ బంద్‌లాగే ఉంది. ఈ పిల్లని పెట్టుకుని ఎలా రాను చెప్పు?"

అతని వెనకాల ఆడవాళ్ళ ఏడుపు వినబడుతోంది.

"గట్లనా" అన్నాడు. "అమ్మ గూడ కూసున్నది మేడమ్ రోడ్డు మీద. మొన్నటిదాక రోజూ పోయింది రాస్తారోకోకు. నేను ఒద్దన్నా ఇనలె. ఆమె జేసిన బందే ఆమె బిడ్డకు అడ్డమొచ్చె. ఏం జేస్తం." తర్వాత, నన్నే ఓదారుస్తున్నట్టు, "నువ్వు పరేషాన్ కాకు మేడమ్. అక్కకు ఇప్పుడే చెప్పకు" అన్నాడు.

సరే బాబూ, మెల్లగా నేనే చెప్తానులే అన్నాను. ఆ మాట కూడా నిలబెట్టుకోలేదు.

ఎందుకన్నాను? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. భయం వేసింది అని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. నేను నోరు తెరిస్తే ఎక్కడిదాన్నో తెలిసిపోతుంది, ఆ రోజుల్లో నల్గొండ పల్లెకి ఒంటరిగా ఎలా వెళ్తాను అని. ఎంత మంచి సాకో చూడండి! మా వాళ్ళలో ఎవరికి చెప్పినా అవునవును అనేవాళ్ళు. కానీ ఆ వైపువాళ్ళెవరూ నన్ను పల్లెత్తు మాట అనలేదే. నర్సమ్మ నా చేతిలో తొనలు పెట్టి "తిను బిడ్డా, ఎండల తిరుగుతవ్" అనేది కదా. ఏం భయం నాకు? మరో సాకు చదువుకున్నవాళ్ళది. ఈ పిల్లలకి చావు అర్థం కాదు, శవాన్ని చూపిస్తే బెదిరిపోతారు, చూడకపోవడమే మంచిది. మరి తల్లి ఇంక కనబడకపోతే యాదమ్మకి తెలియదా? తల్లి రాలేదంటే తల బాదుకున్న మనిషికి తల్లి ఎన్నటికీ రాదన్నది అర్థం కాదని ఎవరు చెప్పారు నాకు? ఎవరూ చెప్పలేదు. నాకు వీలుగా ఉందని అలా అనుకున్నాను.

మధ్యాహ్నం రెండో వార్డెన్ వచ్చింది. ఆమెకి ఫోన్ సంగతి చెప్పలేదు. రింగు రోడ్డు దగ్గర సూర్యాపేట బస్సు ఆగి ఉంది. కండక్టరు తలుపు కొడుతూ "నకిరేకల్, సూర్యాపేట" అని అరుస్తున్నాడు. కిటికీ పక్కన సీట్లు ఖాళీగా కూడా ఉన్నాయి. నేను చూశాను. చూడనట్టు రోడ్డు దాటి, దిల్‌సుఖ్‌నగర్ బస్సెక్కాను. అక్కడ రాళ్ళూ లేవు, రప్పలూ లేవు. పండగ జనం, తోపుడుబళ్ళు, ప్రమిదలు. టైలరు జాకెట్టు ఇచ్చాడు. చంకల దగ్గర బిగుతైందని ఆయనతో పోట్లాడాను కూడా. ఆ ఊళ్ళో వాళ్ళు పొద్దుగూకే దాకా ఎదురుచూస్తూ ఉంటారని తెలిసి, నేను అర అంగుళం గుడ్డ కోసం పోట్లాడాను.

దినాలకైనా పంపొచ్చు. పంపలేదు. అప్పుడు పంపితే మొదటి అబద్ధం బయటపడుతుందేమోనని భయం. ఇప్పుడే అక్కడికి తీసుకెళ్తే తట్టుకోలేదు అని సైదులుకి నేనే చెప్పాను. డిప్లొమా చదివిన మేడమ్ చెప్తే కాదనడం అతనికి తెలీదు. తర్వాత గుండుతో అక్కని చూడ్డానికి వచ్చాడు. యాదమ్మ ఆ గుండు నిమిరి నవ్వింది. అతని వెనకాల, గేటు బయట చూసింది. "అమ్మ?" అంది. అతను నా వైపు చూశాడు. నేను ముందే నేర్పినట్టు, రెండు చేతులూ గుండెల ముందు అడ్డంగా పెట్టి "బంద్ అక్కా" అన్నాడు. అని, మొహం గోడకి తిప్పుకున్నాడు. ఉద్యమం సభలకి పోవడం మానేశానని వెళ్ళేటప్పుడు నాతో చెప్పాడు. "ఆ జెండా సూస్తే అమ్మ యాదికొస్తది మేడమ్. మా బంద్ మమ్మల్నే కొట్టింది." నేను వింటూ నిలబడ్డాను. నోరు తెరవడానికి అంతకన్నా మంచి సమయం ఇంకేముంటుంది? తెరవలేదు.

అలా సాగిపోయింది. ప్రతి నెలా ఆ ఆదివారం యాదమ్మ స్నానం చేసి బెంచీ మీద కూర్చునేది. నేను చేతులు అడ్డంగా పెట్టేదాన్ని. కొన్నిసార్లు నిజంగానే బంద్ ఉండేది. అలాంటి రోజుల్లో నాకు ఎంత తేలిగ్గా ఉండేదో చెప్తే మీకు అసహ్యం వేస్తుంది.

చివరికి రాష్ట్రం వచ్చింది. ఎల్బీనగర్ అంతా గులాల్, టపాకాయలు, డప్పులు. హోమ్‌లో కూడా మిఠాయిలు పంచారు. మా ఆయా ఒకామె యాదమ్మ బుగ్గకి గులాల్ పూసి "తెలంగాణ ఒచ్చిందే యాదమ్మా! ఇగ బంద్‌లు లేవు, ఏం లేవు!" అని గిరగిరా తిప్పింది.

కాసేపటికి నేను బయటికి వచ్చేసరికి యాదమ్మ బెంచీ మీద ఉంది. స్నానం చేసింది. గులాల్ చెవి వెనకాల ఇంకా కొంచెం మిగిలింది. పండక్కి కట్టుకునే చీర కట్టుకుంది. పక్కన సంచీ. అందులో ఆమె బట్టలు, అంచుకి అంచు కలిపి మడతపెట్టినవి. అది ఆదివారం కూడా కాదు. నన్ను చూడగానే రెండు చేతులూ బార్లా తెరిచింది. నేను నేర్పిన సైగ.

"బంద్ లేదు" అంది. "అమ్మ ఒస్తది."

చెప్పాల్సింది అప్పుడు. కాళ్ళు పట్టుకుని చెప్పాల్సింది. నేనేం చేశానంటే, చేతులు లేపి అడ్డంగా పెట్టాను. బయట బస్సులు హారన్లు కొట్టుకుంటూ పోతున్నాయి, వాటి మీద కుర్రాళ్ళు జెండాలు ఊపుతున్నారు. యాదమ్మ బస్సుల వైపు చూసింది. నా చేతుల వైపు చూసింది. మళ్ళీ బస్సుల వైపు. తర్వాత సంచీ తీసుకుని లోపలికి పోయింది. ఆ బెంచీ మీద మళ్ళీ ఎప్పుడూ కూర్చోలేదు. అమ్మ అన్న మాట మళ్ళీ ఆమె నోట నేను వినలేదు. నా మాట అస్సలు వినేది కాదు. అన్నం తినమన్నా, పడుకోమన్నా నా చేతుల వైపు చూసి మొహం తిప్పుకునేది. కొన్నాళ్ళకి మోకాళ్ళ నొప్పులని చెప్పి ఉద్యోగం మానేశాను. నొప్పులు అప్పటికి అంతగా లేవు.

ఇంతదాకా రాసి, ఒక సంగతి దాటేశాను. దాటేయొచ్చు, మీకు తెలిసే దారి లేదు. కానీ సగం ఒప్పుకోవడం కూడా అబద్ధమే కదా. ఆ రోజు జాకెట్టు తీసుకున్నాక నేను ఇంటికి పోలేదు. కాళ్ళు పోనివ్వలేదు. గడ్డిఅన్నారం పళ్ళ మార్కెట్ దగ్గర బస్సు దిగి బత్తాయిలు కొని హోమ్‌కి తిరిగొచ్చాను. యాదమ్మ చేతిలో పెట్టాను. వాసన చూసింది. కళ్ళు మెరిశాయి. "అమ్మ?" అంది. నేను తల ఊపాను. అవును, అమ్మ పంపింది. ఆమె ఒలిచి, తల్లిలాగే అందరికీ రెండేసి తొనలు పంచింది. నాకూ పెట్టింది. నేను తిన్నాను. అక్కడ పొద్దుగూకుతోంది, వాళ్ళు నర్సమ్మ పాడె ఎత్తి ఉంటారు. ఛీ, ఏం మనిషిని.

పోయిన నెల వెళ్ళాను. హోమ్ అదే వీధిలో ఇంకో ఇంట్లోకి మారింది. ఇప్పుడు నా మోకాళ్ళు నిజంగానే నొస్తున్నాయి, మెట్లు మెల్లగా ఎక్కాను. యాదమ్మ జుట్టు నెరిసింది. తువ్వాళ్ళు మడతపెడుతోంది. నన్ను గుర్తుపట్టింది, ముందు నా చేతుల వైపే చూసింది. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆమె పక్కన కింద కూర్చున్నాను. మా చదువు చెప్పినట్టే చిన్న మాటల్లో చెప్పాను. యాదమ్మా, మీ అమ్మ చచ్చిపోయింది. ఎప్పుడో పోయింది. నిన్ను తీసుకురమ్మని సైదులు ఫోన్ చేశాడు. నేను తీసుకెళ్ళలేదు.

ఆమె చేతిలో తువ్వాలు ఆగింది. దాన్ని పక్కన పెట్టి, రెండు చేతులూ గుండెల ముందు అడ్డంగా పెట్టింది.

"బంద్ ఉండెనా?" అంది.

నేను చేతులు బార్లా తెరిచాను. "లేదు. బంద్ లేదు."

"మరి?"

ఇన్నేళ్ళుగా ఎన్ని జవాబులు తయారుచేసి పెట్టుకున్నానో మీకు చెప్పాను కదా. భయమని, అలసటని, తట్టుకోలేదని. ఆమె ముందు ఒక్కటీ నోటికి రాలేదు.

"జాకెట్టు కుట్టడానికిచ్చాను యాదమ్మా. అది తెచ్చుకోవడానికి పోయాను."

ఆమె ముందుకు వంగి, రెండు వేళ్ళతో నా జాకెట్టు చెయ్యి పట్టుకుని గుడ్డని నలిపి చూసింది.

"గిదా?" అంది.

అది కాదు, అదెప్పుడో చినిగిపోయింది అన్నాను. ఆమె చెయ్యి వదిలేసి, మళ్ళీ తువ్వాలు తీసుకుంది. నేను వెళ్ళొస్తానన్నా తల ఎత్తలేదు.

గేటు దాటి రోడ్డు మీదికి వచ్చాక, చాలా ఏళ్ళ తర్వాత ఊపిరి తేలిగ్గా ఆడింది. ఆ తేలిక నాదే. ఆమెకి అందులో ఏమీ లేదు. తల్లి చేసిన బందే బిడ్డకి అడ్డమొచ్చిందని సైదులు ఈ రోజుకీ అనుకుంటూ ఉంటాడు. అతని నంబరు నా దగ్గరుంది. ఇంకా ఫోన్ చేయలేదు.